తాతగారి పేరుతో వెతకొద్దు

వంశవృక్షం రాసుకుందామని కూర్చున్నవాళ్ళకు ముందుగా అందే సలహా ఒకటుంది. తాతగారు పోయిన తేదీ కనుక్కోండి, ఆ మర్నాటి పేపరు తిరగేయండి, చావు వార్త దొరుకుతుంది, పిల్లల పేర్లన్నీ అందులోనే ఉంటాయి అంటారు. గుడివాడ, పామర్రు, బందరు, అవనిగడ్డ ప్రాంతాల కుటుంబాలకు ఈ సలహా దాదాపు పనికిరాదు. దాన్ని నమ్ముకుని అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన పిల్లలు గ్రంథాలయాల్లో దుమ్ము పీల్చి, ఏమీ దొరక్క, మనవాళ్ళకు చరిత్రే లేదనుకుని తిరిగిపోతుంటే నాకు బాధ కలుగుతుంది. చరిత్ర ఉంది. వాళ్ళు వెతికిన చోట లేదు, అంతే.

నేను చెప్పేవి వినడానికి తలకిందులుగా ఉంటాయి. చావు కోసం పెళ్ళిళ్ళలో వెతకమంటాను. వార్త వదిలేసి కోర్టు నోటీసు చదవమంటాను. ఇంటిపేరును కొన్నాళ్ళు పక్కన పెట్టమంటాను. మన కృష్ణా డెల్టాలో పత్రిక ఎలా పెరిగిందో, చావుకబురు ఎలా నడిచిందో తెలిస్తే ఇవి ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

ఈ నేలకు పత్రికలు లేక కాదు. కృష్ణా పత్రిక బందరులో 1902లో మొదలైంది. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకులు. పట్టాభి సీతారామయ్య గారి ఇంగ్లీషు వారపత్రిక జన్మభూమి కూడా 1919లో ఆ ఊళ్ళోనే పుట్టింది. కృష్ణా జిల్లా ఎలకుర్రు బిడ్డ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు ప్రారంభించిన రామోజీరావు గారి ఊరు గుడివాడ దగ్గరి పెదపారుపూడి. ఇంత ఉన్నా పల్లెటూరి రైతు చనిపోతే అది పేపరుకు వార్త కాలేదు. బందరులోనో మద్రాసులోనో అచ్చయ్యే ఆ పేజీల్లో చోటు దొరికింది నాయకులకు, కవి పండితులకు, జమీందార్లకు, ప్లీడర్లకు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టి, మిగతా పత్రికలూ ఆ బాటే పట్టి, మండలానికో విలేకరి వచ్చాకనే మన ఊరి చావులు అచ్చులోకి ఎక్కాయి. కాబట్టి 1960లో పోయిన ముత్తాత కోసం 1960 నాటి దినపత్రికలో మరణవార్త వెతకడం మానేయండి. ఆ రోజులు వేరే పనికి వాడుకోవచ్చు.

చావు కోసం శుభలేఖలు చూడండి. అన్ని సలహాల్లోకీ నేను గట్టిగా పట్టుబట్టేది ఇదే. పాతరోజుల్లో చావుకబురు కాగితం మీద నిలిచేది కాదు. దగ్గర ఊళ్ళకు మనిషి వెళ్ళి గుమ్మం బయటే నిలబడి చెప్పేవాడు. దూరాన ఉన్నవాళ్ళకు కార్డు రాస్తే, చదివిన వెంటనే చింపేసేవారు. అశుభం తెచ్చిన కాగితం ఇంట్లో ఉండకూడదని ఆచారం. పెళ్ళి శుభలేఖ అలా కాదు. నాలుగు మూలలా పసుపు పూసిన కాగితాన్ని చింపడానికి ఎవరికీ చేయి రాదు. అది బీరువా అడుగున చీరల కింద, పెట్టెలో పట్టాల మధ్య, దేవుడి అలమరలో పంచాంగంలోపల యాభై ఏళ్ళయినా ఉంటుంది. శుభలేఖలో పేర్ల ముందు ఉండే రెండు ముక్కల్లో మీకు కావలసినదంతా ఉంది. 1958 పెళ్ళిలో తాతగారి పేరు ముందు ‘శ్రీ’ అని ఉండి, 1963 పెళ్ళిలో అదే పేరు ముందు ‘కీ.శే.’ అని ఉంటే, ఆయన ఆ ఐదేళ్ళ మధ్యలో పోయారు. మూడో శుభలేఖ దొరికితే ఐదేళ్ళు రెండేళ్ళవుతాయి. పైగా శుభలేఖ ‘ఫలానా వారి మనుమరాలు, ఫలానా వారి ద్వితీయ పుత్రిక’ అని మూడు తరాలను ఒకేచోట చెబుతుంది. ఏ సంతాప ప్రకటనా అంత చెప్పదు.

వెతకవలసింది మీ ఇంట్లో కాదు, చుట్టాల ఇళ్ళలో. మీ ఇంటి పెళ్ళి శుభలేఖలు మీరు పంచిపెట్టేసి ఉంటారు. అవి మీ అత్తగారి ఊళ్ళోనో, పెదనాన్నగారి వియ్యాలవారి ఇంట్లోనో ఉంటాయి. పండక్కి వెళ్ళినప్పుడు అడగండి. ‘మీ ఇంట్లో మా చరిత్ర ఉందా’ అంటే లేదంటారు. ‘పిన్నీ, పాత శుభలేఖలేమైనా దాచావా’ అంటే పెట్టె తీస్తారు.

ఇక పెద్దవాళ్ళను తేదీ అడగొద్దు. తిథి అడగండి. ఆబ్దికం పెట్టే ఇళ్ళలో తారీఖు గుర్తుండదు గానీ ‘మాఘ బహుళ దశమి’ అని తడుముకోకుండా చెబుతారు. దానికి సంవత్సరం పేరు తోడైతే పని సగం అయినట్టే. అయితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఆ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. ఏ తరం మనిషో చూసుకుని తేల్చాలి. రెండోది, మన సంవత్సరం ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. పింగళ నామ సంవత్సరం 1977 ఉగాదికి వచ్చి 1978 ఉగాదికి వెళ్ళింది. పింగళ మాఘమాసంలో పోయారంటే 1978 ఫిబ్రవరి ప్రాంతం పేపర్లు చూడాలి. 1977 ఫిబ్రవరి పేపర్లు చూసి ఏమీ లేదని లేచిపోయినవాళ్ళు చాలామంది.

తిథి పట్టింపు లేని ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ సంఘటన అడగండి. ‘జై ఆంధ్రా గొడవలప్పుడు బతికే ఉన్నాడా’, ‘ఘంటసాల పోయిన ఏడేనా’, ‘ఎనభై పుష్కరాల్లో నాన్నకు పిండం పెట్టారా’. జై ఆంధ్ర ఉద్యమం 1972-73. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న. మన వైపు పెద్దవాళ్ళకు కాలం ఇలా గుర్తుంటుంది. సంవత్సరం అడిగి విసిగించి, చివరకు వాళ్ళ చేత ఏదో ఒక అంకె చెప్పించడం కన్నా ఇది నిజానికి చాలా దగ్గరగా వెళ్తుంది.

పత్రిక చేతికి వచ్చాక మొదటి పేజీ తిప్పేయండి. లోపలి పేజీల్లో అడుగున చిన్న అక్షరాల కోర్టు నోటీసులుంటాయి, అక్కడ ఆగండి. ప్రతివాదికి సమను అందనప్పుడు కోర్టు పత్రికలో ప్రకటన వేయించడం ఎప్పటినుంచో ఉంది. దావా నడుస్తుండగా ఒక పక్షం మనిషి చనిపోతే, ఆయన వారసులందరినీ పార్టీలుగా చేర్చాలి. వాళ్ళలో ఎవరి ఆచూకీ తెలియకపోయినా ఆ పేర్లు పత్రికలోకి వస్తాయి. గుడివాడ, బందరు కోర్టుల భాగం దావాల నోటీసు ఒక్కటి దొరికితే చాలు. చనిపోయినవారి భార్య, కొడుకులు, పెళ్ళయి వెళ్ళిపోయిన కూతుళ్ళు, ముందే పోయిన కొడుకు పిల్లలు, ఒక్కొక్కరి తండ్రి లేక భర్త పేరు, వయసు, వృత్తి, కాపురం వరుసగా ఉంటాయి. సంతాప ప్రకటన ఎవరినైనా వదిలేయవచ్చు. భాగం దావాలో ఎవరినీ వదలరు, వదిలితే దావాకే దెబ్బ. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చాక ఈ దావాల్లో కూతుళ్ళ మాట మరింత గట్టిగా వినబడింది.

నోటీసులో ఓ.ఎస్. నంబరు, అంటే దావా నంబరు, సర్వే నంబరు కనబడితే రాసుకోండి. ఆ సర్వే నంబరుతో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజుల నకళ్ళకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో డైగ్లాట్, అడంగల్ అడగవచ్చు. ఇనాం భూమి ఉన్న కుటుంబమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు 1860ల దాకా తీసుకువెళ్తుంది. చల్లపల్లి, నూజివీడు జమీందారీల కింద సాగు చేసినవాళ్ళ పేర్లు మాత్రం చాలాచోట్ల 1948 ఎస్టేటుల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటు రికార్డుల్లో మొదటిసారి కనబడతాయి.

1989 తర్వాతి సంతాప ప్రకటన దొరికిందనుకోండి. దాన్ని ఎలా చదవాలో చెబుతాను. ‘వయస్సు 90 సం.’ అన్న మాటను నమ్మకండి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన పుట్టినతేదీయే మన పాతతరంలో చాలామందికి పుట్టినతేదీ. దాన్నిబట్టి పిల్లలు లెక్క కడతారు, లేదా గుండ్రటి అంకె వేస్తారు. జాతీయ జెండాకు రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య గారు మన భట్లపెనుమర్రు మనిషి. 1963 జూలై 4న పోయారు. దేశం మొత్తానికి తెలిసిన ఆయన పుట్టిన ఏడే ఒకచోట 1876 అనీ, ఇంకోచోట 1878 అనీ ఉంటుంది. మీ తాతగారి విషయంలో రెండు మూడేళ్ళ తేడాకు కంగారు పడనక్కర్లేదు.

నమ్మవలసింది మాటల ఎంపికను. ‘శివైక్యం చెందారు’ అంటే ఒక సంప్రదాయం, ‘పరమపదించారు’ అంటే మరొకటి. ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంటే వెతకవలసింది చర్చి రిజిస్టరులో. దశదినకర్మ ఏ ఊళ్ళో జరుగుతుందని వేశారో గుర్తు పెట్టుకోండి. పోయింది హైదరాబాదులోనైనా పెద్దకర్మ సొంత ఊళ్ళోనే చేస్తారు, ఆ ఊరే మీ మూలం. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు అన్న వరుస చదివి, ఎవరు లేరో చూడండి. శుభలేఖలో ఉన్న కొడుకు సంతాప ప్రకటనలో లేకపోతే అక్కడొక కథ ఉంది. ఆ కథ రాసి పెట్టుకోండి గానీ, బతికున్నవాళ్ళ ఎదుట పెట్టి నిలదీయకండి. చరిత్ర రాసేవాళ్ళకు ఆ సంయమనం ఉండాలి.

ఒకటి రెండేళ్ళు వెనకా ముందూ చూడటం మరిచిపోకండి. చనిపోయిన రోజు హడావిడిలో ప్రకటన ఇవ్వనివాళ్ళు ప్రథమ వర్ధంతికి ఫోటోతో వేయిస్తారు. చాలా ఇళ్ళలో అదే మొదటి ప్రకటన, ఏకైక ప్రకటన.

ఇంటిపేరు సంగతికి వస్తాను. మీ ఇంటిపేరు ఉన్నవాళ్ళను వరుసగా పట్టుకుంటూ పోతే వంశం అల్లుకుంటుందనుకోవడం పెద్ద పొరపాటు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది, ఒకే ఊళ్ళో సంబంధం లేని రెండు కుటుంబాలకూ ఉంటుంది. దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారిపోతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఇంటిపేరు మార్చుకోడు గానీ, ఊరు మార్చుకుంటాడు. ఆయన మనవలు అమ్మమ్మ ఊరునే తమ ఊరని చెప్పుకుంటూ పెరుగుతారు. మేనరికాల వల్ల తండ్రి వైపు ముత్తాతా, తల్లి వైపు ముత్తాతా ఒకే మనిషి అవుతారు. కాబట్టి ఆడవాళ్ళ వెంట నడవండి. ఒక తరంలో నాయనమ్మ పుట్టిల్లు, మరో తరంలో ఆవిడ అమ్మ పుట్టిల్లు. ఆ ఇళ్ళవాళ్ళ ప్రకటనల్లో, శుభలేఖల్లో, దావాల్లో మీ తాతగారు ‘అల్లుడు’గానో ‘బావ’గానో ‘మేనమామ’గానో కనబడతారు. పల్లెలో సుబ్బారావులు పదిమంది ఉంటారు. ఫలానావారి అల్లుడైన సుబ్బారావు ఒక్కడే.

జిల్లా పేరు కూడా నమ్మొద్దు. కృష్ణా జిల్లా 1859లో ఏర్పడింది. గుంటూరు 1904లో, పశ్చిమ గోదావరి 1925లో విడిపోయాయి. 2022లో మళ్ళీ గీతలు మారి కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. 1900లో ‘కృష్ణా జిల్లా వాస్తవ్యులు’ అంటే తెనాలివాళ్ళు కూడా కావచ్చు. తాలూకా పేరు పట్టుకోండి. వలస పోయిన కుటుంబమైతే నిజాంసాగర్ కాలువల కింద బోధన్, వర్ని వైపూ, తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు, గంగావతి క్యాంపుల వైపూ చూడండి. ఆ చావులు కృష్ణా జిల్లా పేజీలో రావు.

ఇక అన్నిటికన్నా కష్టమైన చోటు. 1977 నవంబరు 19, దివిసీమను ఉప్పెన ముంచిన రోజు. అక్కడివాళ్ళెవరికీ వేరే చెప్పనక్కర్లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఏటిమొగ అన్న పేర్లు ఆ వారం దేశమంతా విన్నది. అధికారిక లెక్కలే ఒకచోట పదివేలకు కాస్త తక్కువగా, ఇంకోచోట పద్నాలుగు వేలకు పైగా ఉన్నాయి. జనం చెప్పుకునే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. ఆ రోజులనాటి పత్రికల్లో మీవాళ్ళ పేర్ల కోసం వెతకొద్దు. దారులు తెగిపోయాయి, తీగలు తెగిపోయాయి, జరిగినదాని పరిమాణం బయటికి తెలియడానికే రోజులు పట్టింది. శవాలను గుర్తు పట్టేవాళ్ళు లేక మూకుమ్మడిగా దహనం చేశారు. ఇంటిల్లిపాదీ పోయిన చోట ప్రకటన ఇచ్చేవాళ్ళెవరు? పత్రికల్లో ఊరి పేరు, పక్కన అంకె. అంతే ఉంటుంది.

అందుకని ఇక్కడ చనిపోయినవాళ్ళను వదిలి, బతికి బయటపడ్డవాళ్ళ కాగితాలు వెతకండి. నష్టపరిహారం ఎవరికి ఇచ్చారు, తుపాను తర్వాత కట్టిన కాలనీల్లో ఇల్లు ఎవరి పేర వచ్చింది, ఆ ఏడు బడి అడ్మిషన్ రిజిస్టరులో సంరక్షకుడిగా తండ్రి స్థానంలో మేనమామ పేరు ఎవరికి పడింది. పిల్లవాడి పేరు పక్కన మేనమామ పేరు ఉంటే అది ఒక్కోసారి ఆ తండ్రికి మిగిలిన ఏకైక మరణ పత్రం. సహాయ కార్యక్రమాలు భుజాన వేసుకున్న మండలి వెంకటకృష్ణారావు గారి పేరు, పులిగడ్డ దగ్గర నిలబెట్టిన స్మారకం మనకు గుర్తున్నాయి. పోయినవాళ్ళ పేర్లను ఊరూరా బతికున్నవాళ్ళ నోట విని రాసే పని ఇంకా చాలా మిగిలి ఉంది. ఆనాడు పదేళ్ళవాళ్ళకు ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. పాత పేపర్లు ఆగుతాయి, వాళ్ళు ఆగరు. ఏ గ్రంథాలయానికీ వెళ్ళకముందు నాగాయలంకకో కోడూరుకో వెళ్ళండి.

1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారంటారు. అప్పటికి కృష్ణా పత్రికే లేదు. బందరు కుటుంబాలు చాలావాటికి వంశవృక్షం అక్కడే తెగుతుంది. దాన్ని ఊహతో అతికించకండి, తెగిన చోట తెగిందనే రాయండి.

పత్రికలు అసలు పట్టించుకోని కుటుంబాల సంగతి వేరుగా చెప్పాలి. కూలినాలి చేసుకున్నవాళ్ళు, దళితవాడల వాళ్ళు, ఉప్పుటేరుల వెంట చేపలు పట్టినవాళ్ళు పాత దినపత్రికల్లో నేరవార్తల్లోనో ప్రమాద వార్తల్లోనో తప్ప కనబడరు. అక్కడ పేపరు మూసేసి వేరే తలుపు తట్టాలి. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లున్నాయి. బాప్తిస్మంతో పేరు మారి ఉంటుంది కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ పట్టుకోవాలి. కమ్యూనిస్టు ఉద్యమంలో నడిచిన కుటుంబమైతే విశాలాంధ్ర, ప్రజాశక్తి చూడండి. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళినవారైతే సరోజినీ రేగాని గారు సంపాదకత్వం వహించిన స్వాతంత్ర్య సమరయోధుల పరిచయ సంపుటాలున్నాయి. అందరికీ పనికొచ్చేది గ్రామ మునసబు రాసిన చావుపుట్టుకల రిజిస్టరు. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు ఆ పుస్తకాలు ఎక్కడికి చేరాయో మీ ఊరి సచివాలయంలోనూ తహసీల్దారు కార్యాలయంలోనూ అడగండి. మర్యాదగా, పదేపదే అడగండి.

పాత పత్రికలు చూడటానికి చీరాల దగ్గర వేటపాలెంలోని సారస్వత నికేతనం వెళ్ళండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల నిధి ఉంది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు చాలావాటిని స్కాన్ చేయించింది. వాటిలో పేరు కొట్టి వెతుకుదామనుకోవద్దు. అవి పేజీల బొమ్మలు, తారీఖును బట్టే చూడాలి. పైన తిథి, శుభలేఖ అంటూ అంత చెప్పింది ఇందుకే. కాలం ముందే తెలిసి వెళ్తే చూడవలసిన పేజీలు వందల్లో ఉంటాయి, తెలియకుండా వెళ్తే లక్షల్లో. దొరికిన ముక్కను మాత్రమే ఫోటో తీయకండి, పత్రిక పేరు, తేదీ ఉన్న పైభాగం కూడా తీయండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించకండి, ఆ జిగురు పదేళ్ళలో అక్షరాన్ని తినేస్తుంది.

చివరగా ఒక్క విన్నపం. రేపు మీ ఇంట్లో పెద్దదిక్కు పోయినప్పుడు పత్రికకు ప్రకటన రాసే పని మీ మీద పడుతుంది. పొగడ్తల వాక్యాలు రెండు తగ్గించండి. ఆ చోటులో ఆయన తండ్రి పేరు, పుట్టిన ఊరు, తాలూకా వేయించండి. పోయింది అమ్మయినా నాయనమ్మయినా, ఆవిడ పుట్టింటిపేరు, ఆవిడ తల్లి పేరు తప్పకుండా వేయించండి. అదనంగా అయ్యే ఖర్చు ఒక్క లైనుకే.